కారునెత్తు తావు

గత వర్షాకాలమున భూపాలపల్లి జిల్లాలోని టేకుమట్లకుఁ బోవుచుండఁగా మా కారు చక్రమొకటి గాలి దిగిపోయెను. మేము తొందరపడి, జాకీని కారు అడుగురేకున కానించి యెత్తితిమి. రేకు లోనికి నొక్కుకొనెను, తడినేలలో జాకీ యొరగెను, కారు క్రుంగెను. లోన బిడ్డ నిద్రించుచుండెను! దైవవశమున గాయము కాలేదు.

పెక్కు కార్లలో జాకీ నుంచవలసిన తావులు నాలుగు. ముందు చక్రములకు వెనుకను, వెనుక చక్రములకు ముందును, తలుపుల క్రిందనున్న గట్టి యంచున గండ్లు గుర్తుగా నుండును. కారుతో నిచ్చిన పుస్తకమునఁ జూచి నిశ్చయించుకొనుఁడు. మొదట నందఱిని దింపి, చేతిబ్రేకు వేసి, మూలకుమూలనున్న చక్రమునకు రాయి యడ్డుపెట్టవలెను. మెత్తని నేలయైన జాకీక్రింద వెడల్పైన పలక నుంచవలెను. జాకీపైనున్న కారు క్రిందఁ దల దూర్చరాదు.

తీరికగా నున్న దినముననే యీ గుర్తులు వెదకి యుంచుకొనుఁడు. చీఁకటిలో, వానలో వెదకుట కష్టము.