పాత జీపు స్టీరింగ్ - బాక్సు మార్చే ముందు

ఢిల్లీ పరిసరాల్లో విల్లీస్ నమూనా పాత మహీంద్రా జీపులను ముచ్చటగా కాపాడుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. వీరందరి ఫిర్యాదు ఒకటే: స్టీరింగ్ వదులైంది, ఎంతో తిప్పితేగాని బండి మలుపు తిరగదు. దీనికి బాక్సు మార్చడమే మందా?

బాక్సు లోపల ఏముందో చూద్దాం. స్టీరింగ్ కడ్డీ చివర మర చుట్టులాంటి గాడి ఉంటుంది. దీనిని కామ్ అంటారు. ఒక మీటకు అమర్చిన రెండు మేకులు ఆ గాడిలో కూర్చుంటాయి. స్టీరింగ్ తిప్పితే మేకులు గాడి వెంట జరుగుతాయి, మీట పక్కకు తిరుగుతుంది. దీని నిష్పత్తి సుమారు 14:1. అంటే స్టీరింగ్ 14 డిగ్రీలు తిరిగితే మీట ఒక డిగ్రీ తిరుగుతుంది. చేతి బలం ఈ విధంగా పెరుగుతుంది. కాని అరుగుదల కూడా అలాగే పెరిగి కనబడుతుంది. మీట దగ్గర ఒక్క డిగ్రీ వదులు ఉంటే, 40 సెం.మీ. వ్యాసం గల స్టీరింగ్ అంచున అది దాదాపు 5 సెం.మీ. అవుతుంది!

అయితే ఈ వదులు బాక్సులోనే ఉండనక్కరలేదు. మీట నుంచి చక్రాలకు కదలికను చేర్చే కడ్డీల కీళ్లు, మధ్యనున్న బెల్ క్రాంక్ బుష్‌లు, కింగ్ పిన్ బేరింగులు - వీటిలో ఏది అరిగినా ఇదే లక్షణం. ఇంజను ఆపి, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా ఆడిస్తుంటే, మరొకరు కింద నుంచి గమనించాలి. కదలిక ఎక్కడ ఆగిపోతుందో లోపం అక్కడే. చాలాసార్లు ఈ చిన్న భాగాలు మారిస్తే సరిపోతుంది.

బాక్సులోనే వదులుంటే ముందు దాని మరను సరిచేయాలి. నేరుగా పోయేటప్పుడే మేకులు ఎక్కువగా పనిచేస్తాయి కాబట్టి గాడి మధ్యలో ఎక్కువ అరుగుతుంది. అందుకే చక్రాలను తిన్నగా ఉంచి బిగించాలి. తర్వాత రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. ఎక్కడైనా పట్టేస్తే గాడి బాగా అరిగినట్లే. ఇంకా బిగించడం ప్రమాదం.

అప్పుడే మార్పు గురించి ఆలోచించాలి. ఉక్కు గోళీలు దొర్లే రకం బాక్సులు 1940లోనే కాడిలాక్ కార్లలో వచ్చాయి. వీటిలో రాపిడి తక్కువ, స్టీరింగ్ తేలిక. మాయాపురిలాంటి పాత సామాను బజారులో కొనేవారు మాత్రం పగుళ్లు, అతుకులు జాగ్రత్తగా చూసుకోవాలి. వెల్డింగు చేసిన మీటను ఎంత చవకైనా వాడకూడదు.

మరొక విషయం. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించాలంటే చాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త బాక్సు కోసం చాసిస్‌ను కోస్తే ఆ అవకాశం చేజారవచ్చు. కనుక పాత రంధ్రాలకే సరిపోయే బాక్సును ఎంచుకోవడం మేలు.