కుష్ఠు చట్టం పట్టుకున్నది ఎవరిని?

నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కుష్ఠువ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని గుర్తించాడు. పాతికేళ్ల తర్వాత, 1898లో, బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కుష్ఠురోగుల చట్టం తెచ్చింది. రోగిని తేల్చడానికి ఆ చట్టానికి సూక్ష్మదర్శినితో పని పడలేదు. వ్యాధి పుండుగా మారడం మొదలైతే అతడు కుష్ఠురోగి. ఆ పుండ్లు చూపి బిచ్చమెత్తినా, బతుకుతెరువు కనబడకుండా తిరిగినా 'నిరుపేద కుష్ఠురోగి'. పోలీసులు వారెంటు లేకుండా పట్టుకోగలిగింది ఈ రెండో మనిషినే. వైద్యాధికారి ధ్రువపత్రమిస్తే మేజిస్ట్రేటు అతణ్ని కుష్ఠు ఆశ్రమానికి పంపవచ్చు. పోషించి, బిచ్చానికి పోనివ్వకుండా చూస్తామని బంధువులు రాసిస్తే విడిచిపెట్టనూ వచ్చు. ఇల్లూ పొలమూ ఉన్నవాడి ఒంట్లో క్రిములు ఎవరికీ అంటవు కాబోలు! వ్యాధి పేరుతో జరిగింది పేదరికపు వర్గీకరణ. భూమి లేనివారు ఏ కులాల్లో ఎక్కువో చెప్పనక్కర్లేదు.

వైద్యులకు తెలియక జరిగిందా? కాదు. 1890-91లో దేశంలో పర్యటించిన కుష్ఠు కమిషన్ అంటు ప్రమాదం స్వల్పమనే తేల్చింది.

తొమ్మిదో సెక్షన్ చదివితే కులాన్ని ఎరిగినవారికి కొత్తగా ఏమీ అనిపించదు. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో రోగి తినుబండారాలు, దుస్తులు అమ్మరాదు. స్థానిక సంస్థ నిషేధించిన బావుల్లో, చెరువుల్లో నీళ్లు తోడరాదు, బట్టలుతకరాదు. రైలు తప్ప అద్దెబండి ఎక్కరాదు. తిండి, బట్ట, నీళ్లు, బండి! కులాన్ని చూసి ఈ సెక్షన్ రాశారని నేననను. అది అమలు కావాల్సిన ఊళ్లు మాత్రం అలాంటి నిషేధాలకు ఏనాడో అలవాటుపడ్డవి. అంబేడ్కర్ 1927లో మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగాక సవర్ణులు ఆ చెరువును 'శుద్ధి' చేశారు. అక్కడ పుండూ లేదు, పరీక్షా లేదు, ధ్రువపత్రమూ లేదు.

1940లలో డాప్సోన్ వచ్చింది. 1982 నుంచి బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. చర్మపు నమూనాలో కనిపించే క్రిములను బట్టి, తర్వాత మచ్చల లెక్కను బట్టి (ఐదు వరకు ఒక తరగతి, ఆపైన మరొకటి) మందు ఎంతకాలమో నిర్ణయించసాగారు. వర్గీకరణ మొదటిసారి రోగికి పనికొచ్చింది ఇక్కడే. న్యాయవ్యవస్థకు ఈ సంగతి చేరడానికి చాలాకాలం పట్టింది. కుష్ఠురోగి మునిసిపల్ పదవికి అనర్హుడన్న ఒడిశా చట్టాన్ని సుప్రీంకోర్టు 2008లో సమర్థించింది. 1898 చట్టం 2016లో రద్దయింది. విడాకుల కారణాల్లోంచి కుష్ఠు పేరును తొలగించింది 2019లో. అప్పటికి బహుళ ఔషధ చికిత్స మొదలై 37 ఏళ్లు.