బ్యాకప్ ‘ఓకే’ అని వస్తోందా? అంతమాత్రాన ధీమా వద్దు.. బాక్యులా వాడేవాళ్లు తప్పక చూసుకోవాల్సినవి ఇవే!

ఆఫీసులో కంప్యూటర్లన్నింటికీ రోజూ రాత్రి బ్యాకప్ అవుతోంది. పొద్దున్నే వచ్చి చూస్తే స్క్రీన్ మీద ‘బ్యాకప్ ఓకే’ అని కనిపిస్తోంది. ఇక భయమేముంది అనుకుంటారు చాలామంది. కానీ ఆ ‘ఓకే’ ఎంతవరకు నిజమో తేలేది ఫైల్ పోయిన రోజే. తీరా వెతికితే కావాల్సిన ఫోల్డర్ ఒక్కటే అందులో ఉండదు. లేదంటే నెలల తరబడి బ్యాకప్పే ఆగిపోయి ఉంటుంది. లైసెన్స్ ఖర్చు లేకుండా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ బాక్యులాను వాడుతున్నవాళ్లు, కొత్తగా పెట్టుకోవాలనుకుంటున్నవాళ్లు ఎక్కడెక్కడ జాగ్రత్తపడాలో ఓసారి చూద్దాం.

గిట్‌ల్యాబ్‌లో అసలేం జరిగిందంటే..

2017 జనవరి 31. డెవలపర్లు తమ కోడ్‌ను దాచుకునే గిట్‌ల్యాబ్ సైట్‌లో ఒక ఇంజినీర్ స్టాండ్‌బై సర్వర్‌లోని డేటా ఫోల్డర్‌ను తీసేయబోయారు. కానీ ఆ కమాండ్ కొట్టింది అసలు సర్వర్‌లో! తేరుకుని ఆపేసరికి సుమారు 300 జీబీ డేటాబేస్‌లో మిగిలింది 4.5 జీబీ మాత్రమే.

బ్యాకప్ ఉంది కదా అని వెతికితే అసలు షాక్ అక్కడే తగిలింది. రోజూ తీస్తున్నామనుకున్న డేటాబేస్ బ్యాకప్ ఫైళ్లు అసలు లేనే లేవు. బ్యాకప్ తీసే టూల్ వెర్షన్, డేటాబేస్ వెర్షన్ వేర్వేరు కావడంతో ఆ పని ఎప్పటికప్పుడు ఫెయిల్ అవుతూనే ఉంది. ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్లు కూడా సరైన సంతకం లేవన్న కారణంతో రిజెక్ట్ అయిపోయాయి. దాంతో విషయం ఎవరికీ తెలియలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక కాపీ ఉండటంతో సైట్ మళ్లీ నిలబడింది. కోడ్‌కు నష్టం జరగలేదు కానీ, ఆ ఆరు గంటల్లో వచ్చిన కామెంట్లు, కొత్త అకౌంట్ల వివరాలు పోయాయి. రికవరీ పనిని కంపెనీ యూట్యూబ్‌లో లైవ్ కూడా ఇచ్చింది.

ఇక్కడ బ్యాకప్ పెట్టుకోకపోవడం సమస్య కాదు. పెట్టుకున్నది పనిచేస్తోందో లేదో ఎవరూ చూడకపోవడమే సమస్య. అంత పెద్ద కంపెనీకే తప్పనప్పుడు పది కంప్యూటర్ల ఆఫీసు సంగతేంటి?

ఇంతకీ ఏంటీ బాక్యులా?

కెర్న్ సిబ్బాల్డ్ మొదలుపెట్టిన ఈ ప్రాజెక్టు పని 2000లో ప్రారంభమై, 2002లో జనంలోకి వచ్చింది. బ్యాకప్, డ్రాక్యులా అనే రెండు మాటలు కలిపి పెట్టిన పేరిది. రాత్రిపూట వచ్చి కంప్యూటర్లలోని సారమంతా పీల్చుకుపోతుందన్నది దాని వెనకున్న సరదా. లైనక్స్ సర్వర్ మీద నడుస్తుంది. విండోస్ కంప్యూటర్ల డేటానూ నెట్‌వర్క్ ద్వారా తెచ్చి దాస్తుంది.

అయితే ఇది ఒకే ప్రోగ్రామ్ కాదు. కొన్ని ముక్కలు కలిసి పనిచేస్తాయి. అర్థం కావాలంటే ఒక హోల్‌సేల్ వ్యాపారాన్ని ఊహించుకోండి. ఏ షాపు నుంచి ఏ సరుకు ఎప్పుడు తేవాలో చెప్పే మేనేజర్ లాంటిది ‘డైరెక్టర్’. ప్రతి కంప్యూటర్‌లో ఉండి ఫైళ్లను లారీకి ఎక్కించేది ‘ఫైల్ డీమన్’. వచ్చిన సరుకును గోడౌన్‌లో దించి సర్దేది ‘స్టోరేజ్ డీమన్’. ఏ సరుకు ఏ మూల ఉందో రాసిపెట్టుకునే రిజిస్టర్ ‘క్యాటలాగ్’. ఇది ఒక డేటాబేస్‌లో ఉంటుంది. మేనేజర్‌తో మనం మాట్లాడేది ‘బీకన్సోల్’ అనే కమాండ్ స్క్రీన్ నుంచి.

ఒక్క విషయం మాత్రం బాగా గుర్తుపెట్టుకోవాలి. లారీ మేనేజర్ గదికి రాదు, షాపు నుంచి నేరుగా గోడౌన్‌కే వెళ్తుంది. అంటే డైరెక్టర్ అడ్రస్ మాత్రమే చెబుతుంది. డేటా పట్టుకుని స్టోరేజ్‌కు వెళ్లేది క్లయింట్ కంప్యూటరే. బాక్యులాలో వచ్చే కనెక్షన్ తలనొప్పుల్లో చాలావాటికి మూలం ఇదే.

సమస్య 1: కనెక్ట్ అవుతుంది.. కానీ బ్యాకప్ అవ్వదు!

బీకన్సోల్‌లో ‘స్టేటస్ క్లయింట్’ అని కొడితే వివరాలు చక్కగా వస్తాయి. బ్యాకప్ మొదలుపెడితే మాత్రం కాసేపు ఆగి ఎర్రర్ వస్తుంది. ఎందుకంటే ఆ కమాండ్ చూసేది డైరెక్టర్ నుంచి క్లయింట్‌కు ఉన్న దారినే. క్లయింట్ నుంచి స్టోరేజ్‌కు దారి ఉందో లేదో అది చెప్పదు.

ముందుగా డైరెక్టర్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అడ్రస్ చూడండి. అక్కడ ‘లోకల్‌హోస్ట్’ అని ఉంటే దొంగ దొరికినట్టే. ఆ మాటకు ‘ఇదే కంప్యూటర్’ అని అర్థం. డైరెక్టర్ ఆ అడ్రస్‌నే క్లయింట్‌కు పంపిస్తుంది. క్లయింట్ తనలో తానే గోడౌన్ కోసం వెతుక్కుంటుంది. అక్కడ సర్వర్ అసలు ఐపీ అడ్రస్ గానీ, అన్ని కంప్యూటర్లూ గుర్తుపట్టే పేరు గానీ ఇవ్వాలి.

ఉబుంటు, డెబియన్ ప్యాకేజీలతో వచ్చే సెట్టింగ్స్‌లో ఇంకో మెలిక ఉంది. డీమన్లు 127.0.0.1 మీద మాత్రమే వింటుంటాయి. అంటే బయటి కంప్యూటర్ ఎంత తలుపు కొట్టినా పలకవు. దాన్నీ మార్చుకోవాలి.

ఆ తర్వాత ఫైర్‌వాల్. డైరెక్టర్ పోర్ట్ 9101, ఫైల్ డీమన్ పోర్ట్ 9102, స్టోరేజ్ పోర్ట్ 9103. క్లయింట్ కంప్యూటర్‌లో 9102, స్టోరేజ్ ఉన్న సర్వర్‌లో 9103 తెరిచి ఉండాలి. విండోస్ ఫైర్‌వాల్ సంగతి ప్రత్యేకంగా చూసుకోండి.

సమస్య 2: ‘ఆథరైజేషన్’ ఎర్రర్

పాస్‌వర్డ్‌లు జతలు జతలుగా కలవాలి. బీకన్సోల్ ఫైల్‌లో ఉన్నది డైరెక్టర్ పాస్‌వర్డ్‌తో కలవాలి. డైరెక్టర్ ఫైల్‌లో క్లయింట్ కింద రాసింది, ఆ క్లయింట్ కంప్యూటర్‌లో డైరెక్టర్ కింద రాసిన దానితో కలవాలి. స్టోరేజ్‌కూ ఇదే లెక్క. మొత్తం మూడు జతలు. పాస్‌వర్డ్‌తో పాటు డైరెక్టర్ పేరు కూడా అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. క్లయింట్ ఫైల్‌లో పాత సర్వర్ పేరు ఉండిపోయినా తలుపు తెరుచుకోదు.

ఫైల్ మార్చాక ఆ డీమన్‌ను మైనస్ టీ ఆప్షన్‌తో నడిపితే కామాలు, బ్రాకెట్ల లాంటి తప్పులను పట్టిస్తుంది. కానీ అది ఆ ఒక్క ఫైల్‌నే చదువుతుంది. అవతలి కంప్యూటర్‌లో ఉన్న పాస్‌వర్డ్ కలుస్తోందా లేదా అన్నది దానికి తెలియదు. వెర్షన్లు కూడా ముఖ్యమే. డైరెక్టర్, స్టోరేజ్ రెండూ ఒకే వెర్షన్ ఉండాలి. క్లయింట్ పాతదైనా ఫర్వాలేదు గానీ, డైరెక్టర్ కంటే కొత్తది ఉండకూడదు.

సమస్య 3: రాత్రి మొదలైన బ్యాకప్ పొద్దునకీ కదలదు

‘స్టేటస్ డైరెక్టర్’ కొడితే జాబ్ రన్ అవుతున్నట్టే కనిపిస్తుంది. అలాంటప్పుడు ‘మెసేజెస్’ అని కొట్టి చూడండి. రాయడానికి వాల్యూమ్ దొరకలేదు, ‘లేబుల్’ కమాండ్‌తో కొత్తది ఇవ్వండి అని బాక్యులా అడుగుతూ ఉంటుంది. వాల్యూమ్ అంటే గోడౌన్‌లో సరుకు నింపే పెట్టె అనుకోవచ్చు. డిస్క్ మీద బ్యాకప్ తీసేవాళ్లకు అది ఒక పెద్ద ఫైల్.

అప్పటికి ఒక కొత్త వాల్యూమ్ ఇస్తే జాబ్ కదులుతుంది. శాశ్వతంగా తీరాలంటే మాత్రం పూల్ సెట్టింగ్స్‌లో మూడు విషయాలు తేల్చుకోవాలి. ఒక్కో వాల్యూమ్ ఎంత సైజు వరకు పెరగాలి? మొత్తం ఎన్ని ఉండాలి? ఎన్ని రోజుల తర్వాత పాతదాన్ని మళ్లీ వాడుకోవచ్చు? సైజుకు గానీ, వాడకానికి గానీ హద్దు పెట్టకపోతే ఒకే ఫైల్ డిస్క్ నిండేదాకా పెరుగుతూ పోతుంది. అది నిండినట్టు గుర్తు పడేదాకా రీసైకిల్ కాదు. లేబుల్ పేర్లు ఆటోమేటిక్‌గా పడేలా ఫార్మాట్ ఇచ్చేస్తే రోజూ చేత్తో చేయాల్సిన పని కూడా తప్పుతుంది.

స్టోరేజ్ గురించి డైరెక్టర్ ఫైల్‌లో రాసిన ‘మీడియా టైప్’, స్టోరేజ్ ఫైల్‌లో రాసిన ‘మీడియా టైప్’ ఒకటే అయి ఉండాలి. తేడా ఉంటే డిస్క్ ఖాళీగా ఉన్నా జాబ్ ఎదురుచూస్తూనే ఉంటుంది.

సమస్య 4: ‘ఓకే’ అంది.. ఫోల్డర్ మాత్రం లేదు!

అన్నింటికంటే ప్రమాదకరమైనది ఇదే. ఎందుకంటే ఇక్కడ ఎర్రర్ రాదు. బాక్యులాకు ఒక ఫోల్డర్ ఇస్తే, మామూలుగా అది అదే పార్టిషన్ వరకే వెళ్తుంది. లోపల వేరే పార్టిషనో, వేరే డిస్కో తగిలించి ఉంటే అక్కడే ఆగిపోతుంది. లాగ్‌లో ఒక చిన్న మాట రాసి ఊరుకుంటుంది. చివర్లో ‘బ్యాకప్ ఓకే’ అనే వస్తుంది.

ఉదాహరణకు విజయవాడలో ఒక ఆడిటర్ ఆఫీసు అనుకుందాం. ట్యాలీ డేటా అంతా డీ డ్రైవ్‌లో ఉంది. ఫైల్‌సెట్‌లో మాత్రం సీ డ్రైవ్ ఒక్కటే రాశారు. రోజూ గంటసేపు బ్యాకప్ జరుగుతుంది, రిపోర్ట్ వస్తుంది. క్లయింట్ల లెక్కలు మాత్రం ఒక్క రోజువీ అందులో ఉండవు. విండోస్‌లో ప్రతి డ్రైవ్‌నూ విడిగా రాయాల్సిందే.

ఫోల్డర్ పేరు తప్పు రాస్తే ‘ఓకే’ పక్కన ‘విత్ వార్నింగ్స్’ అని వస్తుంది. ఆ రెండు మాటలను తేలిగ్గా తీసుకోవద్దు. దీనికి సులువైన చిట్కా ‘ఎస్టిమేట్’ కమాండ్. దాన్ని ‘లిస్టింగ్’ అనే మాటతో కలిపి నడిపితే, బ్యాకప్ తీయకుండానే ఏయే ఫైళ్లు వెళ్లబోతున్నాయో చూపిస్తుంది. మీకు బాగా ముఖ్యమైన ఒక ఫైల్ పేరు ఆ లిస్టులో ఉందో లేదో వెతకండి.

సమస్య 5: ఫెయిల్ అయినా మెయిల్ రాదు

గిట్‌ల్యాబ్‌ను దెబ్బతీసింది ఇదే. బాక్యులాలో మెసేజ్‌లు వెళ్లే అడ్రస్‌ను మార్చకుండా వదిలేస్తే, అవి సర్వర్‌లోనే ఉన్న రూట్ యూజర్ మెయిల్‌బాక్స్‌లో పడుతుంటాయి. దాన్ని తెరిచేవాళ్లు ఉండరు. మీరు రోజూ చూసే మెయిల్‌కు వచ్చేలా మార్చుకోండి. స్పామ్‌లోకి పోతోందేమో చూడండి. ఫెయిల్ అయినప్పుడే కాదు, సక్సెస్ అయినప్పుడూ మెయిల్ రావాలి. అప్పుడు ఒక రోజు మెయిల్ రాలేదంటే ఏదో తేడా ఉందని వెంటనే తెలుస్తుంది. మెయిల్‌లో ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు కూడా గమనించాలి. నిన్నటి దాకా వేలల్లో ఉన్న ఫైళ్లు ఇవాళ సున్నా అయితే అది ‘ఓకే’ ఎలా అవుతుంది?

రాన్సమ్‌వేర్ వస్తే..

2017 మే నెలలో వాన్నాక్రై రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని వణికించింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అలాంటి వైరస్‌లు కంప్యూటర్‌కు కనిపించే షేర్డ్ డ్రైవ్‌లను కూడా లాక్ చేసేస్తాయి. బాక్యులాలో బ్యాకప్ డిస్క్ క్లయింట్‌కు డ్రైవ్‌లా కనిపించదు కాబట్టి అక్కడ కొంత రక్షణ ఉంది. కానీ అదే డిస్క్‌ను సౌకర్యం కోసం నెట్‌వర్క్‌లో షేర్ చేశారంటే ఆ రక్షణ పోయినట్టే. సర్వర్ పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కినా అంతే. అందుకే ఒక కాపీని కనెక్షన్ తీసేసి, వేరే చోట పెట్టడం తప్పనిసరి.

గోడౌన్ రిజిస్టర్‌ను మర్చిపోవద్దు

క్యాటలాగ్ పోతే డేటా ఉన్నా ఏది ఎక్కడుందో తెలియదు. వాల్యూమ్‌లను మళ్లీ స్కాన్ చేసి కట్టుకోవచ్చు కానీ చాలా టైమ్ పడుతుంది. బాక్యులాతో వచ్చే షెడ్యూల్‌లో రాత్రి 11:05కి ఫైళ్ల బ్యాకప్, 11:10కి క్యాటలాగ్ బ్యాకప్ ఉంటాయి. రెండోది అనవసరమని తీసేయకండి. కాన్ఫిగరేషన్ ఫైళ్ల కాపీ కూడా విడిగా ఒకచోట దాచండి.

గడువుల విషయం కూడా ఉంది. మార్చకపోతే ఫైళ్ల పేర్ల వివరాలు క్యాటలాగ్‌లో 60 రోజులు, జాబ్ వివరాలు 180 రోజులు, వాల్యూమ్ 365 రోజులు ఉంటాయి. అంటే మూడు నెలల కిందటి డేటా డిస్క్‌లో ఉన్నా, అందులోంచి ఒక్క ఫైల్‌ను పేరుతో ఎంచుకోవడం కుదరకపోవచ్చు. ఏడాది లెక్కలు అవసరమయ్యే ఆఫీసులు ఈ అంకెలను పెంచుకోవాలి.

చివరిగా చేయాల్సింది ఒక్కటే

నెలకోసారి ‘రీస్టోర్’ కమాండ్ కొట్టి, ఏదైనా ఒక ఫోల్డర్‌ను వెనక్కి తీసుకోండి. బాక్యులాతో వచ్చే రీస్టోర్ జాబ్‌లో అది పాత ఫైళ్ల మీద కాకుండా టెంపరరీ ఫోల్డర్‌లో పడేలా సెట్ చేసి ఉంటుంది. అయినా ‘యెస్’ కొట్టేముందు ‘వేర్’ అన్న లైన్ ఒకసారి చూసుకోండి. వచ్చిన ఫైల్‌ను తెరిచి చూడండి. ఎక్సెల్ షీట్ అయితే అంకెలు సరిగ్గా ఉన్నాయా? ఫొటో అయితే తెరుచుకుంటోందా? ఒకసారి ఇదే పనిని వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి కూడా చేసి, ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోండి. ఆఫీసు మొత్తం ఆగిపోయిన రోజు అందరూ మొదట అడిగేది ‘ఎంతసేపట్లో వస్తుంది?’ అనే. ఇలా ముందే చేసి చూసినవాళ్ల దగ్గరే దానికి జవాబు ఉంటుంది.