అలోహా వార్తావలయము

పసిఫిక్ మహాసముద్రమధ్యమున హవాయి ద్వీపములు కలవు. అచటి విశ్వవిద్యాలయమునకు ఓహూ ద్వీపమందలి హోనొలూలూ నగరమున ఒక పెద్ద కంప్యూటరుండెను. కాని దాని కళాశాలలు ఇతర ద్వీపములందును గలవు. నడుమ సముద్రము. టెలిఫోను మార్గముననే కంప్యూటరు వార్తలను పంపుదమన్న, ఆ కాలమున అది మిక్కిలి వ్యయముతో కూడిన పని. పైగా నమ్మదగినదియు కాదు. ఈ చిక్కును తీర్చుటకై 1968వ సంవత్సరమున ఆచార్య నార్మన్ ఏబ్రమ్సనును, ఆయన సహచరులును రేడియోను ఆశ్రయించిరి.

ఏబ్రమ్సన్ 1932లో అమెరికాలోని బోస్టను నగరమున జన్మించెను. హార్వర్డులో చదివి, 1958లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునుండి డాక్టరు పట్టము పొందెను. అలలపై పలకనెక్కి తేలియాడు క్రీడయనిన ఆయనకు ప్రాణము. హవాయి యుద్యోగమువైపు ఆయన మొగ్గుటకు ఆ యలలును కారణములే.

రేడియోలో నొక యిబ్బంది కలదు. ఒకే పౌనఃపున్యమున ఇద్దరు ఒక్కమారు ప్రసారము చేసినచో రెండు వార్తలును కలగాపులగమై చెడును. అందుచేత ఇంజనీర్లు ఒక్కొక్కరికి ఒక్కొక్క పౌనఃపున్యమునో, ఒక్కొక్క వంతునో కేటాయించెడివారు. మాటలాడువారి కిది తగియుండును. కంప్యూటరు ముందు కూర్చుండువాని పద్ధతి వేరు. అతడొక పంక్తి టైపుచేసి పంపును. పిదప చాలసేపు ఆలోచించుచు గూర్చుండును. అంతసేపును అతని వంతు వ్యర్థము.

ఏబ్రమ్సన్ వంతులనే తీసివైచెను. చెప్పదలచినవాడు చెప్పదలచినపుడే పంపవచ్చును. వార్త 80 అక్షరములకు మించని పొట్లముగా వెడలును. కేంద్రమునందలి యంత్రమునకు అది చెడక చేరినచో, ‘అందినది’ యని వేరొక పౌనఃపున్యమున బదులు వచ్చును. బదులు రానిచో పొట్లము మరియొక దానితో ఢీకొన్నదని తలచి మరల పంపవలెను. అయితే వెంటనే కాదు. ఇరుకు సందులో ఎదురుపడిన యిద్దరు ఒక్కసారే ప్రక్కకు తొలగి, మరల ఒక్కసారే ముందుకు వచ్చి యిబ్బందిపడుట మనమెరిగినదే. ఇద్దరును సమానకాలము వేచియుండిన ఆ తంటా తీరదు. కావున ప్రతి యంత్రమును తానెంతసేపాగవలెనో చీటి తీసినట్లు నిర్ణయించుకొనును. 1971 జూనులో ఈ వలయము పనిచేయ నారంభించెను. ‘అలోహా’ యను హవాయి పలకరింపే దానికి పేరయ్యెను. రాత్రివేళ ఎవరికంటను పడక పనులు చేసిపెట్టుదురని అచటి కథలు చెప్పు మరుగుజ్జుల పేర, కేంద్రయంత్రమునకు ‘మెనెహూనె’ యని నామకరణము చేసిరి.

ఇట్టి స్వేచ్ఛకు మూల్యము కలదు. ఒక పొట్లము పోవుటకు పట్టు కాలమును ఒక పాలు అనుకొందము. దానికి ఒక పాలు ముందువరకు మొదలైన పొట్లమును, అది ముగియులోగా మొదలగు పొట్లమును దానిని చెరుపగలవు. అనగా అపాయకాలము రెండు పాళ్లు. ఈ లెక్కనుబట్టి, ఎంత చేసినను మార్గమున నూటికి సుమారు 18 వంతుల కాలమే సఫలమగునని ఏబ్రమ్సన్ చూపెను. తక్కినదంతయు వ్యర్థమా యని చదువరి ఆశ్చర్యపడవచ్చును. తీరికగా టైపుచేయువారికి ఆ 18 వంతులే సమృద్ధి! 1972లో లారెన్సు రాబర్ట్సు ఒక సవరణ సూచించెను: కాలమును గడులుగా విభజించి, ప్రతివారును గడి మొదటనే పంపవలెను. దానితో అపాయకాలము సగమయ్యెను. ఫలము రెట్టింపై సుమారు 37 వంతులకు పెరిగెను.

ఏబ్రమ్సన్ 1970లో ప్రకటించిన వ్యాసమును చదివినవారిలో రాబర్టు మెట్‌కాఫ్ ఒకడు. అందలి గణితమును ఆయన తన హార్వర్డు పరిశోధనగ్రంథమున మరింత విస్తరించి, 1973లో ఈథర్నెట్టునకు రూపకల్పన చేసెను. అలోహా యంత్రము వినకయే పలుకును. ఈథర్నెట్టు యంత్రము ముందు విని, మార్గము ఖాళీగా నున్నప్పుడే పలుకును. నేటి వైఫై కూడ ఇట్లు విని పలుకునదే.

శాస్త్రజ్ఞులు తమకు తోడ్పడిన పూర్వవ్యాసములను తమ వ్యాసముల తుదిని పేర్కొందురు. దీనిని ఉల్లేఖనమందురు. ఏ వ్యాసమును ఎవరెవరు పేర్కొనిరో వెదకిపట్టుటకై యూజీన్ గార్‌ఫీల్డు 1964లో అమెరికాలో ఒక సూచికను ప్రచురించెను. పిమ్మట ఉల్లేఖనముల లెక్క పండితుల పలుకుబడికి కొలబద్దయయ్యెను. ఏబ్రమ్సను వ్యాసమును పేర్కొన్నవి వేలకొలదిగా గలవు. ఆయనకు 2007లో అలెగ్జాండరు గ్రహాంబెల్ పతకము కూడ లభించెను. 2020లో ఆయన మరణించెను. అయినను ఉల్లేఖనముల లెక్కను మరీ నమ్మరాదు. ఖండించుటకై పేర్కొన్నను లెక్కలో ఒకటి పెరుగును. మరియొక విచిత్రము కలదు: ఒక భావము పాఠ్యపుస్తకములకెక్కి అందరికిని తెలిసినదైన పిదప, దాని కర్తను పేర్కొనుటయే పలువురు మానివేయుదురు.

చేతిఫోనునే చూడుడు. దానిని అప్పుడే వెలిగించినపుడు, అట్టి ఫోను ఒకటున్నదనియే సమీపమందలి స్తంభమునకు తెలియదు. తెలియనిదానికి వంతు నెట్లు కేటాయించును? కావున మొదటి పిలుపు వంతు లేకయే పోవలెను. వేరొక ఫోను పిలుపుతో తాకిడి కలిగినచో, కొంతసేపాగి మరల పిలువవలెను. ఆ పిలుపు చేరిన పిదపనే స్తంభము దానికి వంతు నిచ్చును. 5జీ ఫోనులలోను ఈ తొలిపిలుపు పద్ధతి అలోహా వంశమునకు చెందినదే.