పువ్వు కాని పువ్వు... అనాసపువ్వు!

బిర్యానీ తినేటప్పుడు చేతికి తగిలితే ఏరి పళ్లెం పక్కన పెట్టేస్తాం. అది వేయకపోతే మాత్రం 'ఏదో తగ్గిందే' అనుకుంటాం! చూడటానికి చెక్కతో చేసిన చుక్కలా ఉండే ఈ దినుసుకు వంటింట్లోనే కాదు, మందుల ఫ్యాక్టరీలోనూ చోటుంది. అచ్చం దాని పోలికలతోనే ఉండే దగ్గరి చుట్టం మాత్రం... విషం. అందుకే అనాసపువ్వు గుణాలతోపాటు దాని గుట్టు కూడా తెలుసుకోవాలి.

కిరాణా కొట్టుకెళ్లి 'అనాసపువ్వు' అనే అడుగుతాం కానీ, నిజానికి అది పువ్వే కాదు. కాయ! చెట్టుకు పూసిన పువ్వు రాలాక వచ్చే కాయని పచ్చిగా ఉండగానే కోసి ఎండబెడతారు. ఎండేకొద్దీ ఆకుపచ్చ పోయి ఎర్రటి గోధుమరంగు వస్తుంది. ఒక్కో రెక్కా చిన్న పడవలా విచ్చుకుంటుంది. అందులో ఒక నున్నటి గింజ. సువాసన గింజలో కంటే పైపెంకులోనే ఎక్కువ. సాధారణంగా రెక్కలు ఎనిమిది ఉంటాయి కాబట్టే చైనీయులు దీన్ని 'బాజియావ్' అంటారు. ఎనిమిది కొమ్ములది అని అర్థం. హిందీలో చక్రఫూల్, మలయాళంలో తక్కోలం.

పేరులో అనాస ఉన్నా అనాసపండుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. వాసన చూస్తే సోంపు గుర్తొస్తుంది కదూ! కానీ సోంపుతోనూ చుట్టరికం లేదు. సోంపు కొత్తిమీర కుటుంబానికి చెందిన చిన్న మొక్క. ఇదేమో ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్టు. రెండింటిలోనూ ఉన్న 'అనెథోల్' అనే పదార్థమే ఆ వాసనకు మూలం. అనాసపువ్వు నుంచి తీసే నూనెలో 80 నుంచి 90 శాతం దాకా అదే ఉంటుంది. యునానీ హకీములు సోంపుని బాదియాన్ అంటారు. అనాసపువ్వుని 'బాదియాన్ ఖతాయీ' అంటారు. అంటే చైనా సోంపు అన్నమాట!

కొండల్లో పుట్టిల్లు

ఈ చెట్టు సొంతూరు చైనా, వియత్నాం సరిహద్దు కొండలు. చైనాలో గ్వాంగ్‌షీ ప్రాంతం, వియత్నాంలో లాంగ్ సన్ రాష్ట్రం దీనికి పెట్టింది పేరు. నాటిన చెట్టు కాపుకి రావడానికి ఆరేళ్లో అంతకన్నా ఎక్కువో పడుతుంది. ఒకసారి కాపు మొదలైతే దశాబ్దాలపాటు కాస్తూనే ఉంటుంది. తాత నాటిన చెట్టు మనవడికీ పంటనిస్తుంది.

వియత్నాం వాళ్లకు ప్రాణమైన 'ఫో' అనే నూడుల్స్ పులుసు ఘుమఘుమకు దాల్చినచెక్క, కాల్చిన అల్లం, ఉల్లిపాయలతోపాటు ఇదే ఆధారం. చైనావాళ్ల ప్రసిద్ధ 'ఐదు దినుసుల పొడి'లోనూ ఉండి తీరాల్సిందే. మనకు వచ్చేసరికి బిర్యానీ, పలావు, మాంసం కూరలు, గరంమసాలా... అన్నిటా మరాఠీమొగ్గ, జాపత్రిల పక్కన చేరిపోయింది. మన దేశంలో వాడే అనాసపువ్వులో చాలాభాగం దిగుమతే. వియత్నాం పంటను కొనే దేశాల్లో మనది ముందువరుస.

మన దగ్గరా దీని బంధువు ఒకటుంది. అరుణాచల్‌ప్రదేశ్‌లోని తవాంగ్, పశ్చిమ కామెంగ్ కొండల్లో పెరిగే ఆ చెట్టును అక్కడి మోంపా గిరిజనులు 'లిస్సీ' అంటారు. అడవిలో దాని కాయలు ఏరి అమ్ముకుంటారు. అయితే అది వేరే జాతి. బిర్యానీలో వేసే అనాసపువ్వు కాదు.

పొట్టకూ... గొంతుకూ...

చైనా వైద్యంలో అనాసపువ్వు 'వేడి చేసే' దినుసు. చలి వల్ల వచ్చే కడుపునొప్పికీ, వాంతులకూ దీన్ని వాడతారు. మన ఇళ్లలో భోజనం తర్వాత సోంపు నమిలినట్టే చాలా ఆసియా దేశాల్లో దీన్ని నోటి వాసన పోవడానికి నములుతారు. కడుపు ఉబ్బరానికీ, దగ్గుకీ మరిగించి తాగడమూ పాత అలవాటే. దీని నూనెను దగ్గుమందుల్లో, టూత్‌పేస్టుల్లో, సబ్బుల్లో, అత్తర్లలో వాడుతున్నారు.

మరి సైన్సు ఏమంటోంది? దీని నూనె కొన్ని బ్యాక్టీరియాలనూ బూజునూ అడ్డుకుంటుందని ప్రయోగశాలల్లో తేలింది. కానీ గాజుపాత్రలో జరిగింది ఒంట్లోనూ జరగాలనేం లేదు. మనుషులపై జరిగిన పరిశోధనలు చాలా తక్కువ. కాబట్టి భోజనాన్ని రుచిగా మార్చే దినుసుగా దీనికి నూటికి నూరు మార్కులు వేయొచ్చు. 'ఫలానా జబ్బు తగ్గిస్తుంది' అనడానికి మాత్రం అంత ఆధారం లేదు.

ఫ్లూ మందు వెనక కథ

2005లో బర్డ్ ఫ్లూ భయం ప్రపంచాన్ని కుదిపేసింది. అప్పుడు అందరి నోటా వినిపించిన మందు టామీఫ్లూ. స్విట్జర్లాండ్‌కు చెందిన రోష్ కంపెనీ దీన్ని అమ్మేది. అందులోని అసలు మందు పేరు ఒసెల్టామివిర్. దాని తయారీకి కావాల్సిన ముడిసరకు షికిమిక్ ఆమ్లం. అది ఎక్కువగా దొరికేది... ఈ అనాసపువ్వులోనే! దాంతో వంటింటి దినుసుకు ఒక్కసారిగా గిరాకీ పెరిగి ధరలు చుక్కలనంటాయి. ఆ ఏడాది చివర్లోనే రోష్ నుంచి ఆ మందు తయారీకి అనుమతి పొందింది మన హైదరాబాద్ కంపెనీ హెటెరో. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చినప్పుడు దేశంలో తొలికేసు నమోదైందీ హైదరాబాద్‌లోనే. అప్పుడూ ఈ మందే ఆదుకుంది. తర్వాత బ్యాక్టీరియా సాయంతో షికిమిక్ ఆమ్లాన్ని తయారుచేసే పద్ధతి కూడా అందుబాటులోకి రావడంతో చెట్టుమీద భారం కొంత తగ్గింది.

ఇక్కడే చాలామంది పొరబడుతుంటారు. అనాసపువ్వు మరిగించి తాగితే టామీఫ్లూ వేసుకున్నట్టే అనుకుంటారు. కానే కాదు! షికిమిక్ ఆమ్లానికి వైరస్‌ను అడ్డుకునే శక్తి లేదు. ఫ్యాక్టరీలో అనేక రసాయనిక దశలు దాటాకే అది మందుగా మారుతుంది. ఇనుప ఖనిజం ముక్కతో కూరగాయలు తరగలేం కదా... ఇదీ అంతే. 2020లో కరోనా వచ్చినప్పుడు కషాయాల్లో దీన్నీ వేసుకున్నవాళ్లున్నారు. గొంతుకు హాయి అనిపిస్తే అనిపించవచ్చు కానీ, అది వైరస్‌కు మందు కాదు.

పోలిక ఒకటే... గుణం వేరు!

జపాన్‌లో 'షికిమి' అనే చెట్టుంది. బౌద్ధ ఆలయాల దగ్గరా, శ్మశానాల్లో నాటుతారు. బెరడు పొడిని అగరుబత్తీల్లో వాడతారు. దాని కాయ కూడా అచ్చం అనాసపువ్వులాగే ఉంటుంది. కానీ అందులో ఉండే 'అనిసాటిన్' నరాల మీద పనిచేసే విషం. వాంతులు, వణుకు, ఫిట్స్ రావచ్చు. షికిమిక్ ఆమ్లాన్ని 1885లో మొదట కనుక్కున్నది ఈ చెట్టులోనే. పేరూ దాన్నించే వచ్చింది. (ఆ ఆమ్లం మాత్రం విషం కాదు.)

ఈ రెండు చెట్లనూ వృక్షశాస్త్రవేత్తలే చాలాకాలం ఒకటనుకున్నారు. 1888లో బ్రిటిష్ శాస్త్రవేత్త జోసెఫ్ డాల్టన్ హుకర్ వంటకు వాడేదాన్ని వేరుచేసి 'ఇలీసియం వేరమ్' అని పేరు పెట్టారు. వేరమ్ అంటే 'అసలైనది' అని!

పేరు తేలినా కల్తీ ఆగలేదు. 2003 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ (ఎఫ్‌డీఏ) అనాసపువ్వు టీ తాగొద్దని జనాన్ని హెచ్చరించింది. ఆ టీ తాగి జబ్బుపడినట్టు దాని దృష్టికి వచ్చినవాళ్లు 40 మంది దాకా ఉంటే, వారిలో 15 మంది వరకూ పసిపిల్లలే. కడుపునొప్పితో ఏడుస్తున్నారని తల్లిదండ్రులు ప్రేమతో పట్టించిన టీ అది! పైగా, అసలైన అనాసపువ్వులోనూ నరాలపై ప్రభావం చూపే పదార్థాలు కొద్దిగా ఉంటాయి. కూరలో వేసే ఒకటి రెండు పువ్వులతో పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు. చిక్కటి కషాయంగా చిన్నారులకు పడితేనే ప్రమాదం. అందుకే పసిపిల్లలకు అనాసపువ్వు నీళ్లు పట్టొద్దు. పొట్టనొప్పితో ఏడుస్తుంటే డాక్టరుకు చూపించడమే మేలు.

కొనేముందు... వాడేముందు...

* పొడి వద్దు, పువ్వులే కొనండి. పొడిలో ఏం కలిసిందో కంటికి తెలియదు.

* రెక్కలు లావుగా, విరగకుండా, గింజలు మెరుస్తూ ఉండాలి. విరిచి వాసన చూస్తే సోంపు ఘుమఘుమ గుప్పుమనాలి.

* షికిమి కాయ చిన్నదిగా ఉంటుంది. రెక్కల కొసలు సన్నగా కొక్కెంలా వంగి ఉంటాయి. సోంపు వాసన రాదు. కానీ ఎండిపోయాక కంటితో కచ్చితంగా పోల్చడం కష్టం. ప్రయోగశాల పరీక్షే దారి. కాబట్టి నమ్మకమైన చోటే కొనాలి.

* దీని సువాసన నూనెలో బాగా దిగుతుంది. అందుకే ముందుగా నూనెలోనో నెయ్యిలోనో వేయించాలి. కిలో బియ్యానికి ఒకటి రెండు చాలు. ఎక్కువైతే చేదెక్కుతుంది.

* గాలి చొరబడని సీసాలో, ఎండ తగలని చోట పెడితే చాలాకాలం నిల్వ ఉంటుంది.

* అనాసపువ్వు నూనెను కడుపులోకి తీసుకోవద్దు. గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్లు కషాయాల జోలికి వెళ్లేముందు డాక్టరును అడగాలి.

ఇంతకీ అనాసపువ్వు మంచిదా, కాదా అంటే... మంచిదే! గిన్నెలో ఉన్నంతవరకూ దానంత మంచి దినుసు లేదు. గ్లాసులోకి మారి 'మందు' అవతారం ఎత్తినప్పుడే మనం కాస్త ఆగి ఆలోచించాలి!