నీటి యొడ్డున గుఱ్ఱపుశాల: అపోహలు – వాస్తవములు

అమెరికాలోని మేరీలాండు రాష్ట్రమునకు అధికారిక క్రీడ, గుఱ్ఱమెక్కి పరుగెత్తించుచు వ్రేలాడు కడియములను బల్లెపు మొనతో ఎత్తుకొనిపోవు జౌస్టింగు. 1962 నుండి దానికా గౌరవము కలదు. అశ్వముపై ఇంత మక్కువ గల ఆ సీమలో, చెసపీక్ అఖాతపు టొడ్డున నాలుగెకరములు కొన్నవాడు, సొంత నేలలో సొంత గుఱ్ఱమును కట్టుకొనుటకు ఒకరి యనుమతి యేల యని తలంచుట సహజమే. కాని ఆ తలంపునకు కాలము చెల్లి చాలనాళ్లయినది. ఏ నేలను ఏ పనికి వినియోగింపవచ్చునో నిర్ణయించు జోనింగు అధికారము స్థానిక పాలకసంస్థలకు కలదని 1926లో, యూక్లిడ్ గ్రామమునకును ఆంబ్లర్ భూవ్యాపార సంస్థకును జరిగిన వ్యాజ్యమున, అమెరికా సుప్రీంకోర్టు తీర్మానించినది.

తమది వ్యవసాయ మండలము గావున అడ్డేమియు లేదనువారు మఱికొందఱు. వీరు కౌంటీ పటములో మండలపు పేరు చూచి తృప్తి పడుదురే గాని, దానిపై మఱియొక హద్దు గీయబడియున్నదని ఎఱుగరు. ఆటుపోటులు గల జలముల నుండియు, వాని చిత్తడినేలల నుండియు 1000 అడుగుల వఱకు గల భూమి యంతయు 1984 నాటి శాసనము వలన ‘క్రిటికల్ ఏరియా’ యైనది. అందు నీటిని ఆనుకొని కనీసము 100 అడుగుల పట్టీని చెట్టుచేమలకు విడువవలయును. నీటి యంచునకు 50 అడుగుల లోపల పశువులకు మేత పెట్టుటయు, నీరు పట్టుటయు నిషిద్ధములు.

గుఱ్ఱము సాధుజంతువు, దాని లద్ది మంచి యెరువు, ఇంత పట్టింపేల యని అడుగువారి ప్రశ్నలోనే సమాధానము దాగియున్నది. 450 కిలోల తూగు గుఱ్ఱమొకటి దినమునకు లద్దియు మూత్రమును గలిపి రమారమి 22 కిలోలు విడుచును. ఏడాదికది 8 టన్నులు. పొలములో ఎరువైన నత్రజని, భాస్వరములే వానతో కొట్టుకొనిపోయి అఖాతము చేరినపుడు అచట నాచునకు ఎరువగును. ఆ నాచు చచ్చి క్రుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించి, పీతలకును చేపలకును ఊపిరాడదు. డెక్కల త్రొక్కిడికి నేల గట్టిపడి గడ్డి నశించినచో, ఆ వాననీటిని వడకట్టు నాథుడే యుండడు. అధికారి గుఱ్ఱపు జాతిని, అందచందములను గాక, లద్ది ఎచట పోయుదురు, వాననీరు ఎటు పాఱును అని అడుగుట యిందువలననే.

అస్సాటీగ్ దీవి యొడ్డున అడవిగుఱ్ఱములు స్వేచ్ఛగా తిరుగుచున్నవి గదా యని వాదించువారును కలరు. మిక్కిలి అందమైన వాదమే గాని, అది తిరుగబడి వాదించువానినే పొడుచును: అవి చిత్తడిగడ్డిని మేసి తీరమును చెఱుచుచున్నందున, మేరీలాండు భాగములోని మంద పెరుగకుండ 1994లో ఆడుగుఱ్ఱములకు గర్భనిరోధక మందునిచ్చుట మొదలిడిరి.

ఇక విశేషానుమతియు, మినహాయింపును ఒకటే యనుకొనుట అర్జీదారులను ఎక్కువగా ముంచు పొరపాటు. విశేషానుమతి, కొన్ని షరతులపై ఆ మండలములో తగునని నిబంధనయే ముందుగా ఒప్పుకొనిన పనికి లభించునది. 1981 నాటి షుల్జ్–ప్రిట్స్ తీర్పు ననుసరించి, అట్టి పనికి సహజమైన ఇబ్బందులను మించిన కీడు ఆ స్థలమున ప్రత్యేకముగా కలుగునని తేలిననే గాని దానిని నిరాకరింపరాదు. కావున ఇరుగుపొరుగుల సంతకముల సంఖ్య ఒక్కటియే దేనిని తేల్చదు. మినహాయింపు అట్లు కాదు, అది నిబంధననే సడలింపుమని కోరుట. క్రిటికల్ ఏరియాలో దానిని కోరువాడు, అది లేనిచో తన స్థలము మొత్తమునకే సముచితమైన వినియోగము లేకుండ పోవునని నిరూపింపవలయును. ఇల్లు కట్టుకొని హాయిగా కాపురముండువాడు, గుఱ్ఱపుశాల లేనిదే స్థలము వ్యర్థమని చెప్పి ఒప్పించుట దుర్ఘటము.

అనుమతిపత్రము చేతికి వచ్చినను, క్రయపత్రములో పశువులు కూడవను షరతున్నయెడల, పొరుగువాడు దానిని చూపి న్యాయస్థానమునకు పోవచ్చును. ఆ షరతును పరిశీలించుట జోనింగు అధికారి పని కాదు.