పేరు చేసిన కీడు

బొల్లిని మనవారు శ్వేతకుష్ఠమని కూడ పిలుతురు. ఆ పేరే కీడు తెచ్చినది. యలమంచిలిలోనైనను, మరే ఊరి బడిలోనైనను తెల్లమచ్చ గల బాలుని చెంత కూర్చుండుటకు తోడివారు జంకినచో, ఆ జంకునకు మూలము చాలవరకు ఈ పేరే.

బొల్లి అంటువ్యాధి కాదు. చర్మమునకు రంగునిచ్చు కణములు నశించుటచే మచ్చ పాలవలె తెల్లబడును; స్పర్శ చెడదు. కుష్ఠు వేరు. 1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొనిన సూక్ష్మజీవి దానికి కారణము. అది నరములను దెబ్బతీయును. ఆ మచ్చ పాలిపోవునే గాని పూర్తిగా తెల్లబడదు. అచట స్పర్శ తగ్గును. అదియు 6 నుండి 12 మాసముల చికిత్సతో నయమగును. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితము. శోభి మచ్చలు ఈ రెండును కావు.

కనుక మచ్చను చూచిన ఉపాధ్యాయుడు బాలుని వెనుక బల్లకు గాక వైద్యుని కడకు పంపవలెను. మరునాడు మునుపటి చోటనే కూర్చుండబెట్టవలెను.